ఆనందము సేవకు కళంకమా?

పొరుగువానికి చేయు సహాయమునందు ఆనందము పొందుట యొక లోపమనియు, కష్టమనిపించినప్పుడే అది సేవ యగుననియు, చేయువాని ముఖమున కొంత విషాదచ్ఛాయ యుండినగాని అందు క్రైస్తవత్వము లేదనియు తలచువారు మన సంఘములలో తక్కువమంది గారు. ఆదివారపు ప్రసంగమున సిలువ మోయుటయను మాట వినబడినంతనే శ్రోతల మనసున మెదలునది తనకు ప్రియమైనదానిని పెరికి యిచ్చివేయుచున్న మనుష్యుని రూపమే గాని, ఇచ్చి సంతోషించుచున్నవాని రూపము గాదు. సంఘమునకు వెలుపలనున్న విమర్శకులు ఈ తలంపునే తిప్పి, పరోపకారము చేసి ఆనందించువాడు తన యానందమును తాను కొనుక్కొనుచున్నాడు గావున అది మారువేషమున నున్న స్వార్థమే యందురు. లోపలివారును వెలుపలివారును తక్కిన విషయములలో ఎంత భేదించినను ఈ యొక్క విషయమున ఏకమైరి. ఈ యైకమత్యము నాకు సమ్మతము గాదు.

మొదట లోపలివారి మాట. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడొకడు అడుగగా యేసు చెప్పిన సమరయుని కథను వీరందరు నెరుగుదురు. యెరికోకు దిగిపోవు దారిలో దొంగల చేతబడి కొనప్రాణముతో నున్నవానిని యాజకుడును లేవీయుడును చూచి ప్రక్కగా పోగా, యూదులు హీనముగా నెంచు సమరయుడు వాని గాయములపై నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టి, తన వాహనముపై నెక్కించి, పూటకూళ్ల యింటికి గొనిపోయి, మరునాడు రెండు దేనారములు, అనగా రెండు దినముల కూలి, పూటకూళ్లవాని చేతబెట్టి, ఇంకేమైన ఖర్చయినచో మరల వచ్చునపుడు తీర్తునని చెప్పి తన దారిని తాను పోయెను. ఈ కథలో నిట్టూర్పు లేదు. తన త్యాగమును తలచి తానే కరిగిపోవుట లేదు. ఆనందించెనని మాత్రము ఉన్నదా యని ప్రతివాదు లడుగవచ్చును. లేదు. కథ యంతయు వాని చేతులనే చూపును, అంతరంగమును చూపదు. ఏలయన వాని దృష్టి గాయములపై నున్నది, తనపై లేదు. అట్టి యాత్మవిస్మృతియందే ఆనందము పుట్టునని నా విశ్వాసము. ఈ కథను చెప్పిన లూకా సువార్తలోనే పదునైదవ అధ్యాయమున తప్పిపోయిన గొఱ్ఱె దొరికిన కాపరియు, పోయిన నాణెము దొరికిన స్త్రీయు ఇరుగుపొరుగువారిని పిలిచి సంతోషింప రమ్మందురు. ఉపవాసమున్నవారు ముఖము కడుగుకొని తలకు నూనె రాచుకొనవలెనని చెప్పిన బోధకుడు సేవచేయువారు ముఖము వ్రేలవేసికొనవలెనని చెప్పునా? యెరూషలేములోని బీదలకొరకు చందా పోగుచేసిన పౌలు, నిరుపేదలైన మాసిదోనియవారు తమ సంతోషాతిశయమున మాకును భాగమిమ్మని తన్ను బతిమాలుకొనిరని కొరింథువారికి వ్రాసెను. బతిమాలుకొన్నది పుచ్చుకొనువారు గారు, ఇచ్చువారు!

వెలుపలివారి వాదమునకు అండగా నిలుచువాడు సామాన్యుడు గాడు. 1785లో వెలువడిన నీతిశాస్త్రగ్రంథమున జర్మను తత్త్వవేత్త కాంటు, ఇతరులను సంతోషపెట్టుటలో స్వభావసిద్ధముగా ఆనందించువాని ఉపకారము ప్రశంసార్హమే యైనను దానికి నిజమైన నైతికమూల్యము లేదనియు, అదే మనుష్యుడు శోకముచే హృదయము మొద్దుబారి, సానుభూతి యడుగంటిన స్థితిలో కేవలము కర్తవ్యమని యెంచి సహాయపడినప్పుడే ఆ మూల్యము స్పష్టమగుననియు వాదించెను. ఆయన దేశపు కవియే యగు షిల్లరు దీనిపై ఎగతాళి పద్యము వ్రాసెను గాని, పరిహాసము ఖండనము గాదు. కాంటు మాటలో సత్యాంశము కలదు: మనసు పుట్టి చేయు ఉపకారము మనసు మారిన దినమున ఆగిపోవచ్చును. అయితే ఆయన తూచినది చేయువాని హృదయమును మాత్రమే. పుచ్చుకొనువాడు ఆ త్రాసులో ఎక్కడను లేడు.

పుచ్చుకొనువారి పక్షమున నిలిచి చూతము. భర్త కూలికై పరదేశము పోగా ఒంటరిగా పురుడు పోసికొన్న స్త్రీ కొకతెకు పొరుగింటామె గంజి కాచి తెచ్చినదనుకొందము. గిన్నె క్రింద బెట్టునపుడు ఆమె ముఖమున కర్తవ్యభారము కనబడినచో, బాలింతకు గంజితోపాటు ఋణమును ముట్టినది. నా వలన ఈమెకు శ్రమ యను తలంపు గొంతుక కడ్డుపడును; మరునాడు ఆకలి దహించుచున్నను, "ఇవాళ వద్దులే అక్కా, తిన్నాను" అని బొంకును. అభిమానము గాచుకొనుటకు పేదలాడు బొంకులు, కలవారెవ్వరును లెక్కింపనివి, ఇట్టివి పెక్కు కలవు. అదే పొరుగింటామె వచ్చినదే తడవుగా బిడ్డను ఒడిలో వేసికొని, వాని ముక్కు తండ్రి పోలికయో మేనమామ పోలికయో తేల్చుటకు కూర్చుండి, గంజి సంగతి తానే మరచినట్లు మెలగినచో, ఇచ్చినదెవరు పుచ్చుకొన్నదెవరు అను విచారమునకు ఆ గడియలో చోటుండదు. నా సేవ విలువ నా బాధనుబట్టి పెరుగునని నమ్మినచో పొరుగువాడు నా పుణ్యమునకు పనిముట్టగును. వాని యిక్కట్టు ఎంత పెద్దదైన నాకంత లాభము. త్యాగమే పరమార్థ మనువారు ఈ క్రౌర్యమును గమనించినట్లు తోపదు. ఇక స్వార్థమందురా, ఆ బాలింతపై ముందే ప్రేమ లేనిచో ఆమె కడుపు నిండినందుకు నాకు సంతోష మెట్లు కలుగును? ప్రేమించి యుండుటచే సంతోషము కలిగినదే గాని, సంతోషమునకై ప్రేమను పెట్టుబడి పెట్టుట జరుగలేదు.

ఇట్టి సంతోషము ఊహ మాత్రమే గాదు. మూడవ శతాబ్ది నడుమ అలెగ్జాండ్రియా నగరమున మహామారి చెలరేగినపుడు, రోగులకు పరిచర్యచేసి ఆ రోగమునే తెచ్చుకొన్న విశ్వాసులు సంతోషముతో లోకమును విడిచిరని అచటి బిషపు దియొనీసియు వ్రాసిన లేఖను చరిత్రకారుడు యూసేబియు భద్రపరచెను. బిషపు తనవారిని పొగడుకొనెనేమో యని సంశయించువారికి శత్రుసాక్ష్యమును కలదు: క్రైస్తవమతమును ద్వేషించిన జూలియను చక్రవర్తి నాల్గవ శతాబ్దిలో తన పూజారికి వ్రాయుచు, ఈ గలిలయులు, అనగా క్రైస్తవులు, తమ బీదలనే గాక మన బీదలను గూడ పోషించుట మనకు సిగ్గుచేటని వాపోయెను.

అయితే సేవచేయు క్రైస్తవుని నవ్వు వెనుక మతమార్పిడి గాలమున్నదను అనుమానమొకటి మన దేశమున ప్రబలముగా కలదు. దానికి హేతువులు లేకపోలేదు. ముద్ద పెట్టి పేరు మార్చినవారు ఎన్నడును లేరనుట అసత్యమగును. అయితే ఒంగోలు చరిత్రను గూడ చూడవలయును. 1876–78 నాటి ధాత కరువున జనులు మలమల మాడుచుండగా, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువలో ఇంచుమించు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి భిక్షకు బదులు కూలి యిప్పించెను. ఆ కాలమున బాప్తిస్మము కోరి వచ్చినవారిని, కూటికై వచ్చిరను మాట రాకుండుటకై, ఇంచుమించు 15 నెలలు త్రిప్పి పంపెను. తదుపరి 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను. వీరిలో కూలి దొరికిన కృతజ్ఞతచే వచ్చినవారు లేరని నేననను. కృతజ్ఞత నేరమని మాత్ర మొప్పుకొనను. గమనింపదగినది ఆ సంఖ్య గాదు, దానికి ముందు గడచిన నెలలు. మతసంఖ్యను పెంచుటయే పరమార్థమైనచో ఆకలి మిక్కుటమైన కాలమున తలుపు మూయు మూఢుడెవడు? పొరుగువానిని పుణ్యపు లెక్కలోగాని మంద లెక్కలోగాని వ్రాయువానికి ఇది సాధ్యము గాదు.

కాలువలు గుత్తకు దీసికొనువారు కొందరే. మన పల్లెసంఘములలో స్త్రీలు వంటకు బియ్యము కొలుచుకొన్నప్పుడెల్ల ఒక పిడికెడు వేరుకుండలో వేసి ఆదివారమున గుడికి తెత్తురు. ఆ బియ్యము తెచ్చువారిలో పలువురు కూలినాలి చేసికొనువారే. పిడికెడు తగ్గినందున వారి పిల్లలకు ఆ పూట ముద్ద చిన్నదగును. అది వారికి తెలియును. ఐనను బియ్యము తెచ్చునపుడు వారి నడకలో ఒక ఠీవి యుండును: మేమును ఇచ్చువారమే యను ఠీవి. జన్మమంతయు చేయి చాపవలసినవారని లోకము నిర్ణయించినవారికి ఇచ్చుటలోని ఆనందమును గూడ నిషేధించుట ఎట్టి నీతి?

చివరకొక ప్రశ్న మిగులును: ఆనందము లేని దినమున సేవ మానవలెనా? అక్కరలేదు. జ్వరపడినవాని ప్రక్కన మూడవరాత్రి మేలుకొన్నవానికి నిద్రయే గాని ఆనందము రాదు. ఐనను కూర్చుండవలసినదే, తడిగుడ్డ మార్చవలసినదే. కాంటు చెప్పిన కర్తవ్యము ఆ రాత్రికి పనికివచ్చును, సందేహము లేదు. కాని ఆ రాత్రినే సేవకు ఆదర్శముగా నిలిపి, జ్వరము దిగి రోగి కన్ను విప్పి చారన్నము అడిగిన ఉదయమున కలుగు సంతోషమును కళంకమనువారితో నాకు పొసగదు.