నడుము ఆపరేషన్: భయమూ వద్దు, తొందరా వద్దు

"సిస్టరమ్మా, నడుముకు ఆపరేషనైతే కాళ్లు పడిపోతాయంట గదా?" అని కొందరు భయపడతారు. "స్కానింగులో నరం నొక్కుకుందని వచ్చింది, వెంటనే చేయించేద్దాం" అని మరికొందరు తొందరపడతారు. ఇద్దరూ పొరపడుతున్నారని నా అభిప్రాయం.

వయసు మీదపడేకొద్దీ వెన్నులో నరాల దారి ఇరుకవుతుంది. మన పక్కనున్న మర్రిగూడ ప్రాంతంలోలాగా ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికి ఎముకలు గట్టిపడి కూడా ఇలా రావచ్చు. కొంతదూరం నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా తేలికపడతాయి.

ఆపరేషన్‌కు ఒప్పుకున్న 169 మందిపై అమెరికాలో జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. కొందరికి ఆపరేషన్, మిగతావారికి ఫిజియోథెరపీ అని నిర్ణయించారు. రెండేళ్లకు ఇరువర్గాల పనితీరు దాదాపు సమానం. అయితే ఫిజియోథెరపీ వర్గంలో 57 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు మారారు. అంటే వ్యాయామం కొందరికి సరిపోతుంది, అందరికీ కాదు.

కాబట్టి ముందు కొన్ని వారాలు వ్యాయామం శ్రద్ధగా చేయండి. నొప్పి బిళ్లలు సొంతంగా మింగి కిడ్నీలు పాడుచేసుకోకండి. అయినా నడవగలిగే దూరం తగ్గిపోతుంటే సర్జన్‌ను కలవండి. స్కానింగు కాగితం ఒక్కటే చూసి కాదు, మీ నడక చూసి నిర్ణయించాలి.

ఒక్కమాట మరువకండి: మూత్రం, మలం అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం జారిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి రండి. అప్పుడు ఆలస్యమే అసలు ప్రమాదం.