బొమ్మను ఆపి ప్రశ్న అడగాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కళాశాలల్లో కంప్యూటర్ సైన్సు చదివే పిల్లల్లో పల్లెల నుంచి వచ్చినవారు చాలామంది. వారికి డేటా స్ట్రక్చర్స్ మొదటి గట్టి పరీక్ష. ప్రోగ్రాం ఎక్కించి అవుట్‌పుట్ తెప్పించగలరు. ల్యాబ్ రికార్డు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపగలరు. రికర్షన్ ఎక్కడిదాకా వెళ్లి ఎలా వెనక్కి వస్తుందని వైవాలో అడిగితే మాత్రం నోరు పెగలదు. కంప్యూటరు లోపల జరిగేది కంటికి కనబడదు కాబట్టి దాన్ని కదిలే బొమ్మగా చూపాలన్న ఆలోచన సరైనదే. అల్గారిథం యానిమేషన్లు మన తరగతి గదుల్లోకి రావాలి. అయితే వాటిని సినిమాలా వేసి చూపిస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. తర్వాతి అడుగు ఏమిటో విద్యార్థి చెప్పాకే బొమ్మ కదలాలి.

ఈ ప్రయత్నం కొత్తది కాదు. 1981లోనే టొరంటో విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బేకర్, తొమ్మిది సార్టింగ్ పద్ధతులను పక్కపక్కన పెట్టి సుమారు అరగంట సినిమా తీశారు. 2011లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ హలీం మొదలుపెట్టిన విజువాల్గో అనే అల్గారిథం యానిమేషన్ల వెబ్‌సైటును ఇవాళ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ డేటా స్ట్రక్చర్స్ ప్రయోగాలు తయారుచేసింది. అంటే సామగ్రికి కొరత లేదు. మరి నేర్చుకోవడం మెరుగుపడిందా? 2002లో హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో అనే పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 24 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. బొమ్మల వల్ల స్పష్టమైన మేలు కనబడినవి సగం కూడా లేవు. వాటి నుంచి వారు తేల్చింది ఒక్కటే: తెర మీద ఏం చూపారన్నదానికన్నా, దానితో విద్యార్థి చేత ఏం చేయించారన్నదే ముఖ్యం. ఈ మాట మన అధ్యాపకులందరికీ చేరవలసినంతగా చేరలేదు.

చేయించడమంటే ఏమిటో ఇన్సర్షన్ సార్ట్‌తో చూద్దాం. ఎనిమిది సంఖ్యలు తెర మీద ఉన్నాయి. మూడోది తన చోటికి చేరబోయే ముందు అధ్యాపకుడు బొమ్మను ఆపి, ఇప్పుడు ఏది ఏ గడిలోకి వెళ్తుందో నోటుబుక్కులో రాయమంటాడు. రాశాకే మీట నొక్కుతాడు. రాసింది తప్పైతే ఎక్కడ తప్పిందో విద్యార్థికి అక్కడికక్కడే తెలుస్తుంది. తర్వాత సంఖ్యలను వాళ్లనే ఎంచుకోమంటాడు. ముందే వరుసలో ఉన్న ఎనిమిది సంఖ్యలిస్తే ఏడు పోలికలతో పని ముగుస్తుంది. తలకిందుల వరుసలో ఇస్తే 28 కావాలి. సంఖ్యలు 16 అయితే ఆ లెక్కలు 15, 120. సంఖ్యలు రెండింతలైతే ఒకచోట పోలికలు దాదాపు రెండింతలు, మరోచోట నాలుగింతలకు పైనే ఎందుకయ్యాయని పిల్లలే అడుగుతారు. పుస్తకంలో బట్టీ పట్టిన ఎన్ స్క్వేర్‌కు అప్పుడు అర్థం తెలుస్తుంది. బొమ్మను ఊరికే చూసినవాడికి మాత్రం గీతలు అటూ ఇటూ జరిగినట్టే ఉంటుంది, అర్థమైపోయిందన్న భ్రమ కూడా మిగులుతుంది. నా దృష్టిలో ఆ భ్రమ తెలియకపోవడం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే అర్థమైందనుకున్నవాడు మళ్లీ అడగడు.

చేయించి నేర్పాలన్న ఈ పాఠం కోసం మనం విదేశాల వైపే చూడనక్కర్లేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ, ఒకే గదిలో పలు తరగతులు చదివే పల్లె పిల్లల కోసం కార్డులు రూపొందించింది. పిల్లవాడు తన మెట్టుకు తగిన కార్డు తానే తీసుకుని, దాని మీదున్న పని చేసి పై మెట్టుకు వెళ్తాడు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు స్ఫూర్తి ఇక్కడిదే. కుప్పం పక్కన గుడుపల్లెలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో పిల్లల చేత సైన్సు ప్రయోగాలు చేయిస్తోంది. పక్క ఊళ్లో చిన్నపిల్లలకు ఇంత శ్రద్ధగా చేస్తున్న పని, డిగ్రీ గదిలోకి వచ్చేసరికి ఎందుకు ఆగిపోవాలి?

ఇలా ఆపి ఆపి చెబితే సిలబస్ పూర్తికాదన్నది అధ్యాపకుల అభ్యంతరం. నిజమైన ఇబ్బందే. అయితే ప్రతి అల్గారిథానికీ ఇది అవసరం లేదు. రికర్షన్, లింక్డ్ లిస్టులో పాయింటర్ల మార్పు, ట్రీలు, ఒకటి రెండు సార్టింగ్ పద్ధతులు, అంటే పిల్లలు ఎక్కువగా తడబడే చోట్ల చేస్తే చాలు. ల్యాబులో సగం యంత్రాలు మూలన పడ్డాయి, నెట్ రాదు అనేవారికీ జవాబుంది: ఒక తెర, లేదంటే నల్లబల్ల, పిల్లల చేతిలో అట్టముక్కలు. 1999లో బర్న్, కట్రాంబోన్, స్టాస్కో చేసిన ప్రయోగాల్లో యానిమేషన్ మేలును, ముందుగా ఊహించి చెప్పడం వల్ల వచ్చే మేలు నుంచి విడదీయడం కష్టమైంది. ఊహించి చెప్పడానికి కరెంటు అక్కర్లేదు. బొమ్మలకు అలవాటుపడితే కోడు రాయరన్న భయం కూడా ఉంది. బొమ్మ తర్వాత అదే గంటలో కోడు రాయిస్తే ఆ భయానికి తావుండదు.

అసలు అడ్డంకి పరీక్షలో ఉంది. రికార్డుకీ అవుట్‌పుట్‌కీ మార్కులు వేస్తున్నంతకాలం పిల్లలు వాటినే చూసుకుంటారు. కాబట్టి అనంతపురం జేఎన్‌టీయూ, డిగ్రీ కోర్సులు నడిపే విశ్వవిద్యాలయాలు ల్యాబ్ పరీక్షలో ఒక ప్రశ్న చేర్చాలి: సంఖ్యల వరుస ఒకటిచ్చి, తర్వాతి మూడు అడుగులు గీసి, ఎందుకలా అవుతుందో తెలుగులోనైనా సరే చెప్పమనాలి. వచ్చే విద్యాసంవత్సరమే దీన్ని మొదలుపెట్టాలి.