రెండు కోటలు, ఇద్దరు పసివాళ్ళు



మొన్న సెలవులలో మధురవాడలో మా వీధి పిల్లలు బొబ్బిలి యుద్ధం ఆట మొదలుపెట్టారు. మా అరుగే బొబ్బిలి కోట. కొబ్బరిమట్టలే కత్తులు. ఆట బాగానే ఉన్నది గాని, ఒక చిక్కు వచ్చింది. అందరూ తాండ్ర పాపారాయుళ్ళే! విజయనగరం రాజు కావడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. చివరకు ఒక పెద్ద కుర్రవాడు, "నీది విజయనగరమే గదరా! నువ్వే రాజువి," అని ఎదురింటి పిల్లవాణ్ణి ముందుకు తోశాడు. ఇంకొకడు, "మీవాళ్ళంతా దుర్మార్గులు," అన్నాడు.

పాపం, వాడు చేతిలోని మట్ట పారేసి, మా మెట్లమీద కూర్చుని ఏడవసాగాడు. కాస్సేపటికి కళ్ళు తుడుచుకుని, "మేష్టారూ, నిజంగా మావాళ్ళు చెడ్డవాళ్ళేనాండీ?" అని నన్ను అడిగాడు.

ఎన్నో ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. అయినా ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అందరినీ అరుగుమీద కూర్చోబెట్టి ఈ కథ చెప్పాను. మీరూ వినండి.

బొబ్బిలి, విజయనగరం ఇరుగుపొరుగు సంస్థానాలు. ఒకరి పొలిమేర దాటితే రెండోవారిది. అందుచేత తగవులు తప్పలేదు. వాగుల నీళ్ళ దగ్గర తగవు, పొలాల మీద దాడుల తగవు. ఇవి ముదిరి పగ అయినాయి. ఆ రోజులలో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతిలో ఉండేవి. వారి సేనాని బుస్సీ. విజయనగరం ప్రభువు పెద విజయరామరాజు ఆ బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వచ్చాడు. బొబ్బిలి విడిచిపెట్టి వేరేచోట భూములు పుచ్చుకోమని బుస్సీ కబురు చేశాడు. బొబ్బిలి దొర రంగారావు అందుకు ఒప్పుకోలేదు.

1757వ సంవత్సరం జనవరి 24న ఫ్రెంచి ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలినాయి. బొబ్బిలివారు ప్రాణాలకు తెగించి పోరాడారు. కోట ఇక నిలవదని తెలిసినప్పుడు, ఆడవాళ్ళూ పిల్లలూ శత్రువుల చేత చిక్కరాదని, తమవారినే మంటలపాలు చేసుకున్నారు. రంగారావు పోరులో నేలకొరిగాడు. ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఇదంతా రాసిపెట్టాడు.

మూడో రాత్రి విజయరామరాజు తన గుడారంలోనే కత్తిపోట్లకు గురి అయి చనిపోయాడు. ఆ పని చేసినది పాపారాయుడని బుర్రకథ చెబుతుంది. కొందరు బొబ్బిలి సైనికులని ఓర్మ్ రాశాడు. ఎవరైతేనేం, గెలిచినవాడు తన గెలుపును మూడు రోజులు కూడా అనుభవించలేదు.

ఇంతవరకూ చెప్పేసరికి, "అదీ దెబ్బ!" అని ఒకడు చప్పట్లు కొట్టాడు. ఎదురింటి పిల్లవాడు తల వంచుకున్నాడు.

"ఆగరా అబ్బాయ్, కథ ఇంకా ఉంది. కాని ముందు మనం గ్రీసు దేశం వెళ్ళి రావాలి. అక్కడ కూడా ఇలాంటి కోటే ఒకటి కూలింది," అన్నాను.

సుమారు రెండు వేల అయిదు వందల సంవత్సరాల క్రితం గ్రీసు ఒకే రాజ్యంగా ఉండేది కాదు. ఒక్కొక్క నగరమూ ఒక్కొక్క రాజ్యం. అందరిదీ గ్రీకు భాషే, అందరూ కొలిచేది ఆ దేవతలనే. అయినా ఒకరంటే ఒకరికి పడదు. వాటిలో పెద్దవి ఏథెన్సు, స్పార్టా. క్రీ. పూ. 431లో ఆ రెండింటికీ మొదలైన యుద్ధం, మధ్యలో కొంతకాలం ఆగినా, క్రీ. పూ. 404 దాకా సాగింది.

ఏథెన్సులో ప్రతి వసంతంలోనూ నాటకాల పండుగ జరిగేది. కొండవాలులో ఆరుబయట వేలకొద్దీ జనం కూర్చుని చూసేవారు. నటులందరూ మగవారే. ముఖాలకు తొడుగులు పెట్టుకుని, ఆడవేషాలు కూడా వారే వేసేవారు. మన బుర్రకథలో వంతలున్నట్టే, ఆ నాటకాలలోనూ పాడుతూ మధ్య మధ్య మాట కలిపే బృందం ఒకటి ఉండేది. ముగ్గురు కవులు పందెంలో దిగితే, ఎవరి నాటకాలు మేలో తీర్పరులు చెప్పేవారు.

ఆ యుద్ధం మధ్యలో మెలోస్ అనే చిన్న ద్వీపం, "మేము ఎవరి పక్షానా చేరం," అన్నది. ఆ మాట ఏథెన్సువారికి నచ్చలేదు. క్రీ. పూ. 416లో ఆ ద్వీపాన్ని ముట్టడించి, లొంగిపోయిన మగవారిని చంపి, ఆడవారినీ పిల్లలనూ బానిసలుగా అమ్మివేశారు.

కొద్ది నెలలకే, క్రీ. పూ. 415లో, పండుగ వచ్చింది. యూరిపిడీస్ అనే కవి "ట్రోజన్ స్త్రీలు" అనే నాటకం ఆడించాడు. పూర్వం గ్రీకులు ట్రాయ్ నగరాన్ని గెలిచారు గదా! ఆ కవి గ్రీకువాడే. అయినా గ్రీకుల పరాక్రమాన్ని పొగడలేదు. కాలిన కోట ముందు కూర్చుని ఏడుస్తున్న ట్రాయ్ ఆడవారిని చూపించాడు. ఆ కోటలో ఒక పసివాడున్నాడు. ట్రాయ్ వీరుడు హెక్టరు కొడుకు. వీడు పెద్దవాడైతే పగ తీర్చుకుంటాడని భయపడి, గెలిచినవారు వాణ్ణి కోటగోడ మీదినుంచి తోసి చంపారు. తండ్రి డాలుమీదనే ఆ పసివాణ్ణి పడుకోబెట్టి నాయనమ్మ సాగనంపుతుంది.

మెలోస్‌లో అంత పని చేసిన ఏథెన్సువారే కూర్చుని ఈ నాటకం చూశారు! పందెంలో దానికి రెండో స్థానం వచ్చింది. కాని చూసినంత మాత్రాన బుద్ధి మారలేదు. ఆ ఏడే సిసిలీ ద్వీపం మీదికి పెద్ద నౌకాదళాన్ని పంపి, రెండేళ్ళకు ఆ సైన్యాన్నంతా పోగొట్టుకున్నారు. చివరకు స్పార్టా గెలిచింది. దాని పెత్తనమూ ఎంతోకాలం నిలవలేదు. నగరాలన్నీ కొట్టుకుని అలసిపోయాక, క్రీ. పూ. 338లో ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజు ఫిలిప్ ఏథెన్సును, దానితో కలిసిన థీబ్సును ఓడించాడు.

"ఇక మళ్ళీ బొబ్బిలి వద్దాం," అన్నాను. అందరూ దగ్గరికి జరిగారు.

బొబ్బిలి కోటలోనూ ఒక పసివాడున్నాడు. రంగారావు కొడుకు. కోట తగలబడుతున్నప్పుడు ఒక ముసలాయన, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా, ఆ పిల్లవాణ్ణి కాపాడి, ఫ్రెంచి సేనలోని ఒక అధికారికి అప్పగించాడు. పగ పడతాడని భయపడి వాణ్ణి ఎవరూ చంపలేదు. ఆ చిన రంగారావు పెరిగి పెద్దవాడయ్యాడు.

మరి విజయనగరం సంగతి? తరువాత గద్దె ఎక్కిన ఆనందరాజు ఫ్రెంచివారిని కాదని ఇంగ్లీషు కుంఫిణీని పిలిచాడు. 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడారు. పిలిచి తెచ్చుకున్న కుంఫిణీ ఇక వెళ్ళలేదు. 1794 జూలై 10న, మనకు ఎంతో దూరం కాని పద్మనాభంలో, అనంతపద్మనాభస్వామి కొండ దగ్గర, విజయనగరం రాజు చిన విజయరామరాజు ఆ కుంఫిణీతోనే పోరాడి, తన సర్దారులతో సహా ప్రాణం విడిచాడు. బొబ్బిలి కూలిన ముప్ఫై ఏడేళ్ళకు విజయనగరంలోనూ అదే ఏడుపు! ఆ తరువాత చిన రంగారావుకు బొబ్బిలి తిరిగి దక్కింది, అదీ కుంఫిణీ చేతిమీదుగానే.

కథ అయిపోయింది. ఎదురింటి పిల్లవాడి వీపు నిమిరి ఇలా అన్నాను: "నాయనా, పొరుగువాడితో తగవుకు ఫిరంగులు తెచ్చినది తప్పే. అది ఆ రాజు చేసిన తప్పు. నీది కాదు, మీ ఊరిదీ కాదు. ఆ యుద్ధంలో విజయనగరం సిపాయిలూ చచ్చిపోయారు. వాళ్ళకూ తల్లులున్నారు. మంచి విషాద నాటకం ఎవరు గెలిచారని అడగదు. ఎవరు ఏడుస్తున్నారో చూడమంటుంది. అవతలి పక్షంవాళ్ళనైనా సరే."

కాస్సేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత, ముందు వాణ్ణి తోసిన పెద్ద కుర్రవాడే లేచి, "ఒరేయ్, ఈసారి విజయనగరం రాజు వేషం నాది," అన్నాడు.

"అయితే నేను ముసలాయన్ని!" అన్నాడు ఎదురింటివాడు. అందరిలోకీ చిన్నదైన పిల్లను చంకనెత్తుకుని, మా అరుగు దిగి పరుగెత్తాడు. కోట కూలింది గాని, ఆ పూట ఆటలో ఎవరూ ఏడవలేదు.

పిల్లలూ, మీరూ ఒక పని చేయండి. మీకు తెలిసిన యుద్ధకథ ఒకటి తీసుకోండి. ఓడినవారి ఇంట్లో ఆ రాత్రి ఏమి మాట్లాడుకుని ఉంటారో పది పంక్తులలో రాసి, మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి.