గట్టుమీది సరస్వతాకు

కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపు, క్యారెట్టు - ఇవన్నియు గొడుగువలె పూలు విచ్చు ఒకే కుటుంబపు మొక్కలు. ఈ కుటుంబములో మనము విత్తకుండనే మొలిచి కూరకు పనికివచ్చునది సరస్వతాకు. నారాయణఖేడ్ వైపు జొన్న, కంది వేయు మెట్ట రేగడిలో దీనిని వెదకి లాభము లేదు. బావి కాలువ అంచున, చెరువు తూము క్రింద, చెమ్మ ఆరని చోట నేలనంటి ప్రాకు మొక్క ఇది.

ఆకు గుండ్రముగా, కాడవద్ద చీలి, అంచున పండ్లు కలిగియుండును. తీగ కణుపు కణుపునకు వేరు దిగును. ఉత్తరాదిని బ్రాహ్మి అను పేరు దీనికిని, నీటిపట్టున పెరుగు మరియొక మొక్కకును కలదు. ఆ రెండవదాని ఆకులు చిన్నవి, దళసరివి, జంటలుగా కాండమునంటి యుండును. కనుక పేరు విని కోయవద్దు, ఆకు చూచి కోయండి. వాము వాసనగల వామాకు తులసి కుటుంబమునది. అయినను దాని బజ్జీలకు లోపము లేదు! క్యారెట్టు ఆకును పోలిన వయ్యారిభామను మాత్రము తినరాదు, ముట్టినను కొందరికి దద్దురులు లేచును.

లేత సరస్వతాకును కందిపప్పులో వండవచ్చును, పచ్చిమిరప, చింతపండుతో నూరవచ్చును. కొంచెము చేదుండును. సింహళములో దీనిని గొటుకొల యని కొబ్బరికోరుతో కలిపి తిందురు. ఆయుర్వేదము మండూకపర్ణి యని మేధకు మంచిదన్నది. పిల్లలకు మార్కులు తెచ్చునని నేను హామీ ఇయ్యను. ఆకుకూరగానే దాని విలువ చాలును. గర్భిణులు, కాలేయవ్యాధి గలవారు వైద్యుని అడుగక మందుగా పుచ్చుకొనరాదు.

ఇప్పుడు గట్లకు గడ్డిమందు కొట్టు అలవాటు ప్రబలినది. కూలి ఖర్చు మిగులును, నిజమే. కాని ఆ గట్టుననే ఆడవారు ఆకు కోసి ఒడిలో వేసికొని పోవుదురు. కొట్టినవారు చెప్పరు, కోయువారు అడుగరు; మందుపడిన ఆకు వెంటనే వాడదు గదా! గ్లైఫోసేటును తెగుళ్ల నివారణ సిబ్బంది ద్వారా తప్ప వాడరాదని 2022లో కేంద్ర ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. పంచాయతీ కార్యదర్శులు కాలువగట్లను కొడవలితోనే శుభ్రము చేయించవలెనని నా అభిప్రాయము. మందు తప్పదన్నచో ముందునాడు దండోరా వేయించి, గట్టున ఎర్రగుడ్డ కట్టించండి.

మురుగు పారు చోటి ఆకు వలదు. ఇంటివద్ద నీళ్లతొట్టి ప్రక్కన నాలుగు కణుపులు నాటుకొన్నచో గట్ల వెంట తిరుగు పనియే యుండదు.