కోటు కింద ఏముంది?



డిసెంబరు వచ్చిందంటే మన ఇళ్లలో కొన్నింట పెట్టెలు సర్దే సందడి మొదలవుతుంది. జనవరిలో మొదలయ్యే చదువుల కోసం అమెరికాకో, కెనడాకో బయలుదేరే పిల్లల పెట్టెలవి. పచ్చళ్లు, మసాలా పొడులు, జానమాజ్, మందులు అన్నీ తూకం వేసి మరీ సర్దుతాం. చలి విషయానికి వచ్చేసరికి మాత్రం అంగడిలో అన్నిటికంటే మందంగా కనిపించిన కోటు ఒకటి కొని, బాధ్యత తీరిందని ఊరట చెందుతాం. అది ఎంతటి పొరపాటో మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఎదురైన అనుభవం చెబుతుంది.

ఆ ఇంటి కుమారుడు చదువు కోసం చికాగో చేరాడు. హైదరాబాదు ముస్లిం కుటుంబాలు ఎన్నో దశాబ్దాలుగా స్థిరపడిన నగరం అది. తల్లి తన నెల జీతంలో సగం వెచ్చించి కోటు కొనిచ్చింది. ఒక ఉదయం ఆ యువకుడు నూలు బనియను, నూలు చొక్కా, పైన ఆ బరువైన కోటు ధరించి, బస్సు తప్పిపోతుందన్న తొందరలో మంచులో పరుగులాంటి నడక నడిచాడు. బస్టాపు చేరేసరికి ఒళ్లంతా చెమట. బస్సు ఆలస్యమైంది. కొద్దిసేపటికే ఆ చెమట మంచునీరులా చల్లబడింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పల్చని తొడుగులలోని వేళ్ల కొనలు తెల్లబారి, స్పర్శ కోల్పోయాయి. అల్లాహ్ దయవల్ల సమయానికి బస్సు వచ్చింది. వేళ్లు దక్కాయి. ఆ సాయంత్రం తల్లి ఫోనులో “కోటు వేసుకున్నావా బేటా?” అని అడిగితే, “వేసుకున్నాను అమ్మీ, అంతా బాగుంది” అన్నాడు. జరిగిన సంగతి ఆమెకు తెలిసింది చాలా నెలల తరువాతే.

తప్పు కోటుది కాదు, కోటు కింద ఉన్న దుస్తులది.

వస్త్రం తనంతట తాను వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన దేహంలోనే. పొరల నడుమ కదలకుండా నిలిచిన గాలి ఆ వేడిని బయటకు పోనీయదు. ఒక మందపాటి దుప్పటి కంటే రెండు పల్చని దుప్పట్లు వెచ్చగా ఉంటాయని మన పెద్దలు అనుభవంతో ఎరిగినదే. ఈ రక్షణకు ప్రధాన శత్రువులు రెండు: తడి, గాలి. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. ఇక గాలి సంగతి చూద్దాం. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే, చర్మానికి అది సున్నాకు దిగువన 28 డిగ్రీల చలితో సమానం. అటువంటప్పుడు కప్పుకోని చర్మానికి అరగంటలో మంచుకాటు తగలవచ్చు. 2019 జనవరి 30న చికాగోలో ఉష్ణోగ్రతే సున్నాకు దిగువన 30 డిగ్రీలకు పడిపోయింది. లంబసింగి చలికే వణికే మనకు ఇది ఊహకు అందని చలి.

కనుక దుస్తులను మూడు పొరలుగా ధరించాలి.

మొదటిది ఒంటికి అంటిపెట్టుకునే పొర. చెమటను చర్మం నుంచి బయటికి లాగడం దీని పని. సన్నని మెరినో ఉన్ని గాని, పాలియెస్టర్ గాని ఇందుకు తగినవి. మన వేసవికి వరమైన నూలు ఇక్కడ పనికిరాదు. అది చెమటను పీల్చి, తనలోనే దాచుకుంటుంది.

రెండవది వెచ్చదనాన్ని నిలిపే పొర. ఉన్ని స్వెట్టరు, ఫ్లీస్, పక్షుల మెత్తని నూగు నింపిన జాకెట్టు ఈ కోవకు చెందినవి. నూగు తడిస్తే అణగిపోయి పనిచేయదు. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని వదలదు. పశువుల ద్వారా మానవునికి లభించే వెచ్చదనాన్ని అన్-నహ్ల్ సూరా 5వ ఆయత్ అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా ప్రస్తావించడం ఇక్కడ గుర్తుకు వస్తుంది.

మూడవది గాలిని, మంచును అడ్డుకునే పై పొర. ఇది కింది పొరలను నలిపివేయనంత వదులుగా ఉండాలి. బిగుతైతే నడుమ గాలి నిలవదు.

ఈ మూడింటికీ ప్రాణం వంటి సూత్రం ఒకటుంది: చెమట పట్టక ముందే ఒక పొర తగ్గించాలి, వణుకు పుట్టక ముందే ఒక పొర చేర్చాలి. వేగంగా నడవవలసి వస్తే ముందుగానే జిప్పు కొంత తెరవాలి. ఆగగానే మూసివేయాలి.

చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగుల కంటే నాలుగు వేళ్లూ ఒకే అరలో ఇమిడే మిటెన్లు వెచ్చనివి. ఇరుకైన బూటులో రెండు జతల మేజోళ్లు కుక్కితే రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. ఒకే జత ఉన్ని మేజోళ్లు, వేళ్లు కదిలేంత వదులైన బూట్లు చాలు. హిజాబ్ ధరించే సోదరీమణులు నూలు స్కార్ఫుకు బదులు పల్చని ఉన్ని స్కార్ఫును ఎంచుకుని, చెవులు, మెడ పూర్తిగా కప్పుకోవాలి. అబాయా కింద ఉన్ని లోదుస్తులు చక్కగా ఇముడుతాయి. అయితే దాని అంచు మంచులో ఈడ్వకుండా చూసుకోవాలి. తడిసిన అంచు కాళ్ల వెచ్చదనాన్ని హరిస్తుంది. వుజూ తరువాత చేతులు, ముఖం, పాదాలు పూర్తిగా తుడుచుకున్నాకే బయట అడుగు పెట్టాలి. వుజూతో ధరించిన తోలు మేజోళ్లపై మసహ్ చేసే సౌలభ్యం షరీఅత్ ఇచ్చినదే. స్థానికునికి ఒక పగలు, ఒక రాత్రి. ప్రయాణికునికి మూడు పగళ్లు, మూడు రాత్రులు. పసిపిల్లలను కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు ఉబ్బెత్తు కోటు తీసివేసి, పట్టీలు బిగించిన తరువాతే దానిని పైన కప్పాలి. లేకుంటే ప్రమాద సమయంలో పట్టీ వదులై బిడ్డకు రక్షణ ఉండదు.

చర్మం తెల్లగా, మైనంలా మారి స్పర్శ పోతే అది మంచుకాటు. దానిని రుద్దరాదు, మంటకు కాచరాదు. వెచ్చని గదికి చేరి, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యుని సంప్రదించాలి. వణుకుతో పాటు మాట తడబడినా, ఆలోచన మందగించినా దేహ ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగజారుతున్నదేమోనని అనుమానించి, ఆలస్యం చేయక అత్యవసర సహాయం పిలవాలి.

పెట్టె సర్దే తల్లిదండ్రులకు మా మనవి: పరిమితమైన డబ్బును ముందుగా లోపలి పొరకు, మిటెన్లకు, మేజోళ్లకు కేటాయించండి. బరువైన కోటును, బూట్లను పిల్లలు అక్కడి చలికి తగినట్లు చూసి కొనుక్కోవడమే మేలు.

ఇంకొక మాట. దూరాన ఉన్న పిల్లలు మనలను కలవరపెట్టరాదనే ప్రేమతోనే కష్టాన్ని దాస్తారు. “కోటు వేసుకున్నావా?” అన్న ప్రశ్నకు “వేసుకున్నాను” అన్న జవాబు తేలికగా వస్తుంది. ఆ తల్లి ఇప్పుడు తన కుమారుణ్ణి వేరే విధంగా అడుగుతోంది: “కోటు కింద ఏం వేసుకున్నావు బేటా? మేజోళ్లు పొడిగా ఉన్నాయా? నిన్న బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డావు?” ఇలా అడిగితే దాపరికానికి తావుండదు. మన ఇళ్లలోనూ ఈ రాత్రి ఫోను చేసినప్పుడు ఇదే విధంగా అడుగుదాం.