బండి ఎవరి పేరున ఉంది? ఉత్తరం ఎవరికి వస్తుంది?

2022 ఏప్రిల్‌లో వారం కూడా తిరక్కుండా నిజామాబాదులో ఒక ఇంట్లో, విజయవాడలో మరో ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీలు పేలాయి. నిజామాబాదులో ముందుగదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఎనభై ఏళ్ళ వృద్ధుడు చనిపోయాడు. కాపాడబోయిన ఇంట్లోవాళ్ళు కాలిపోయి ఆసుపత్రి పాలయ్యారు. విజయవాడ కుటుంబం స్కూటరు కొన్నది ముందురోజే. పడగ్గదిలో ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి భర్త చనిపోగా భార్య, ఇద్దరు పిల్లలు గాయపడ్డారు. అంతకు నెలముందు తమిళనాడులోని వేలూరులో రాత్రి ఛార్జింగుకు పెట్టిన స్కూటరు అంటుకుని, ఆ పొగకి ఊపిరాడక ఒక తండ్రీ, పదమూడేళ్ళ కూతురూ చనిపోయారు. మూడూ ఇళ్ళే. రోడ్డు మీద బండి తగలబడితే దిగి పరిగెత్తవచ్చు. ఈ ఇళ్ళల్లో మనుషులు నిద్రలో ఉన్నారు.

ఆ నెలలోనే కంపెనీలు "రీకాల్" ప్రకటించడం మొదలుపెట్టాయి. అమ్మిన బళ్ళలో లోపం ఉందని అనుమానం వస్తే వాటిని వెనక్కి పిలిచి, పరీక్షించి, డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇవ్వడాన్నే రీకాల్ అంటారు. ఒకినావా 3,215 స్కూటర్లను, ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. ఇవన్నీ కంపెనీలు తమంతట తామే ప్రకటించినవి. కొనుక్కున్నవాళ్ళ కోపం కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో ఒకాయన తన స్కూటరును గాడిదకు కట్టి ఊళ్ళో ఊరేగించాడు. తమిళనాడులోని ఆంబూరులో మరొకాయన నడిరోడ్డు మీద పెట్రోలు పోసి తన స్కూటరును తగలబెట్టాడు. రెండు ఫోటోలూ దేశమంతా పత్రికల్లో వచ్చాయి. లక్ష రూపాయల బండిని తగలబెట్టి నిరసన తెలపడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. వాయిదాలు ఇంకా కడుతున్న బండిని, అదీ తన పేరున లేని బండిని, స్త్రీలు అలా తగలబెట్టగలరా?

స్త్రీల హక్కుల పత్రికకు బళ్ళ గొడవతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. మా జవాబు ఆ పేరు దగ్గరే మొదలవుతుంది. రీకాల్ కబురు వెళ్ళేది రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉంటే వాళ్ళకి, కొన్నప్పుడు ఎవరి ఫోను నంబరు రాశారో ఆ నంబరుకి. రోజూ ఆ బండి మీద బడికి, అంగన్‌వాడీకి, ఆఫీసుకి, కుట్టు సెంటరుకి వెళ్ళేది భార్య. కాగితాల్లో మాత్రం భర్త పేరో, మామగారి పేరో ఉంటుంది. రాత్రి అంట్లు తోముకున్నాక బ్యాటరీ ఊడదీసి లోపలికి తెచ్చి ప్లగ్గుకు పెట్టేది కూడా చాలా ఇళ్ళల్లో ఆమే. కబురు ఆయన ఫోనుకొస్తుంది. ఆయన చూడడు, చూసినా అదేదో కంపెనీ ప్రకటన అనుకుంటాడు. మెకానిక్ దగ్గరో, తెలిసినవాళ్ళ దగ్గరో పాత బండి కొనుక్కున్న స్త్రీ సంగతి ఇంకా అన్యాయం. పేరు మార్పించుకోకపోతే ఆ ఉత్తరం పాత యజమాని ఇంటికి పోతుంది.

ఉత్తరం ఆలస్యమైతే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. ఫోర్డ్ కంపెనీ పింటో కారును వెనక నుంచి మరో బండి గుద్దితే పెట్రోలు ట్యాంకు చిట్లి మంటలు లేచేవి. ఎన్నో ఏళ్ళు వివాదం నడిచాక 1978 జూన్‌లో పదిహేను లక్షల కార్లను వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించారు. ఆగస్టు 10న ఇండియానా రాష్ట్రంలో అటువంటి కారులో వెళుతున్న ముగ్గురు అమ్మాయిలు కాలిపోయి చనిపోయారు. ఆ కారు కోసం పంపిన రీకాల్ ఉత్తరం కొన్ని నెలల తర్వాత ఆ ఇంటికి చేరింది. అక్కడి ప్రభుత్వ న్యాయవాది కంపెనీ మీద నరహత్య నేరం మోపాడు. 1980 మార్చిలో జ్యూరీ కంపెనీని నిర్దోషి అంది. అయినా ఒక కంపెనీ తయారు చేసిన వస్తువు వల్ల జరిగిన మరణాలకు కంపెనీనే నేరస్తుల బోనులో నిలబెట్టవచ్చని ఆ కేసు ప్రపంచానికి చూపించింది.

దక్షిణ కొరియాలో 2018 ఎండాకాలంలో బి.ఎం.డబ్ల్యు. డీజిలు కార్ల ఇంజన్లలో వరసగా మంటలు లేచాయి. లక్షకు పైగా కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది. పార్కింగు స్థలాల వాళ్ళు ఆ కార్లను లోపలికి రానివ్వలేదు. పరీక్ష చేయించని కార్లను రోడ్డెక్కనివ్వొద్దని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. యజమానులు జట్టుగా కోర్టుకెక్కారు. కంపెనీ లోపాన్ని దాచిందని, ఆలస్యం చేసిందని ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వ విచారణ తేల్చి జరిమానా వేసింది. ఖరీదైన కార్ల యజమానులకు అది సాధ్యమైంది, మంచిదే. నలభై వేల రూపాయల పాత స్కూటరు నడిపే స్త్రీకి అదే న్యాయం ఎలా దొరుకుతుందన్నది మన సమస్య.

2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో దాదాపు ముప్ఫై నాలుగు లక్షల కార్లను వెనక్కి పిలిచాయి. ఇంజనుండే చోట మంటలు లేచే ప్రమాదం ఉంది కనుక బాగుచేయించేదాకా ఇంటికి దూరంగా, ఆరుబయట నిలపమని యజమానులకు చెప్పాయి. సలహా సరైనదే. కానీ "ఆరుబయట" అనేది ఎవరికి ఉంటుంది? ఒంటిగది ఇంట్లో, రెండో అంతస్తు అద్దె వాటాలో ఉండేవాళ్ళకి బయట ప్లగ్గు ఎక్కడిది? బయట పెడితే బ్యాటరీ ఎవరో ఎత్తుకుపోతారన్న భయం ఒకటి. అసలు బ్యాటరీని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు అన్నదే ఈ స్కూటర్ల గొప్పగా ప్రకటనల్లో చెప్పి అమ్మారు. తీరా పేలాక "పడగ్గదిలో ఎందుకు పెట్టారు, రాత్రంతా ఎందుకు పెట్టారు, వేరే ఛార్జరు ఎందుకు వాడారు" అని అడుగుతారు. ఈ ప్రశ్నల వరస మనకు కొత్తేమీ కాదు. ఆ వేళప్పుడు బయటికెందుకు వెళ్ళావు, ఆ బట్టలెందుకు వేసుకున్నావు అని అడిగే నోళ్ళే ఇవీ అడుగుతున్నాయి. గాయపడ్డవాళ్ళ నడవడి మీదికి విచారణ మళ్ళిస్తే, గాయం చేసినవాళ్ళు పక్కకు తప్పుకోవచ్చు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. కొత్త కోడళ్ళు వంటింట్లో కాలి చనిపోయిన రోజుల్లో "స్టవ్ పేలింది" అనేవాళ్ళు. స్టవ్‌లు కోడళ్ళనే ఎందుకు ఎంచుకుంటాయని స్త్రీల సంఘాలు అడిగాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే విచారణ, శవపరీక్ష తప్పనిసరి చేస్తూ 1983లో చట్టం మారింది. ఆ పోరాటం సరైనదే. అయితే ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఇన్ని స్టవ్‌లు నిజంగానే పేలుతున్నాయని పోలీసులు నమ్మి ఉంటే, ఆ స్టవ్‌లు చేసిన కంపెనీలను పిలిచి అడగాలి కదా! అలా అడిగినట్టు మనం వినలేదు. ఆడవాళ్ళ చేతిలో ఉండే వస్తువు ప్రమాదకరంగా ఉండడం సహజమేనని అందరూ ఒప్పేసుకున్నారన్నమాట.

వంటింటి వస్తువును వెనక్కి పిలవమని ప్రభుత్వం చెప్పడం ఇటీవలి మాట. నాణ్యతా ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లను తమ వేదికల మీద అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్‌కూ, ఫ్లిప్‌కార్ట్‌కూ చెరో లక్ష రూపాయల జరిమానా వేసింది. అమెజాన్‌లో అమ్ముడైన 2,265, ఫ్లిప్‌కార్ట్‌లో అమ్ముడైన 598 కుక్కర్ల సంగతి కొన్నవాళ్ళకు తెలియజేసి, వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. అవి ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. అంత పెద్ద వ్యాపారానికి లక్ష రూపాయలు ఏపాటి అన్నది వేరే సంగతి.

చట్టంలో ఏముందో మన కార్యకర్తలు తెలుసుకుని ఉండడం అవసరం. కార్ల తయారీదార్ల సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళి పెట్టుకుంది. స్వచ్ఛందం అంటే ఇష్టమైతేనే. 2010లో టాటా నానో కార్లు కొన్ని తగలబడినప్పుడు కంపెనీ అదనపు రక్షణ పరికరాలు ఉచితంగా అమరుస్తామంటూనే ఇది రీకాల్ కాదని చెప్పుకుంది. ఆ మాటంటే కంపెనీలకు అంత భయం! 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ సెక్షను చేర్చాక, లోపమున్న బళ్ళను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లో ఉన్నాయి. అయితే యజమానుల ఫిర్యాదులు ఒక సంఖ్యకు చేరితే ప్రభుత్వం కదిలే పద్ధతి అది. ఫిర్యాదు చేసేవాళ్ళు యజమానులు. మళ్ళీ ఆ పేరు దగ్గరికే వచ్చాం.

దీనికంటే పెద్ద కంత ఇంకొకటుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న ఎలక్ట్రిక్ స్కూటరు చట్టం దృష్టిలో మోటారు వాహనమే కాదు. లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు. "ఆడవాళ్ళకి, కాలేజీ పిల్లలకి అనువైన బండి" అని అమ్మేది ఎక్కువగా వీటినే. లైసెన్సు కోసం ఆర్.టి.ఎ. ఆఫీసు చుట్టూ తిరగలేని స్త్రీకి అది సౌకర్యమే, కాదనం. కానీ రిజిస్ట్రేషను లేని బండి ఎవరి ఇంట్లో ఉందో ప్రభుత్వానికి తెలియదు. 110ఎ దానికి వర్తించదు. దుకాణం మూతపడితే కొన్నవాళ్ళ చిరునామా కూడా దానితోనే పోతుంది. 2022 డిసెంబరు నుంచి బ్యాటరీల భద్రతా పరీక్షలు కఠినం చేశామన్నారు, సంతోషం. అంతకుముందు అమ్మిన బళ్ళు ఇంకా మన వీధుల్లో, మన ముందుగదుల్లో ఉన్నాయి. కేంద్రం ఫేమ్ పథకం కింద రాయితీలిచ్చింది, తెలంగాణ పన్నులు మినహాయించింది. ప్రజల డబ్బుతో కొనిపించిన బండి ఎవరి చేతికి చేరిందో కనిపెట్టి ఉండడం ప్రభుత్వం పని కాదా?

మనకు పనికొచ్చే మాట 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళే కాక, వాళ్ళ అంగీకారంతో ఆ వస్తువు వాడేవాళ్ళు కూడా ఆ చట్టం ప్రకారం వినియోగదారులే. బండి భర్త పేరున ఉన్నా, నడిపే భార్య తన పేరున ఫిర్యాదు చేయవచ్చు. లోపమున్న వస్తువు వల్ల దెబ్బ తగిలితే తయారీదారు, అమ్మినవాడు నష్టపరిహారం ఇచ్చుకోవాలని కూడా ఆ చట్టం చెబుతోంది. కేసు తానున్న జిల్లాలోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. రెండేళ్ళ గడువు దాటకూడదు. ఒకే రకం నష్టం జరిగినవాళ్ళు కలిసి వేయవచ్చు, నమోదైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘాలు వాళ్ళ తరఫున వేయవచ్చు. 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కల తర్వాత పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఎవరెవరి ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటరుంది, ఏ కంపెనీది, ఎప్పుడు కొన్నారు, బిల్లుందా, బిల్లు మీద ఫోను నంబరు ఎవరిది అని రాసుకోండి. బిల్లు, ఛార్జరు మీది నంబరు, బ్యాటరీ మీది నంబరు ఫోటోలు తీసి సంఘం దగ్గర కూడా ఉంచండి. బ్యాటరీ ఉబ్బినా, అతిగా వేడెక్కినా, వాసన వచ్చినా ఆ రోజే దుకాణానికి రాతపూర్వకంగా తెలియజేయించండి. నోటిమాటగా చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇలా సేకరించిన వివరాలు మాకు పంపితే, రిజిస్ట్రేషను లేని బళ్ళను కూడా రీకాల్ పరిధిలోకి తేవాలన్న వినతిపత్రంతో పాటు వాటిని రవాణా మంత్రిత్వశాఖకూ, వినియోగదారుల ప్రాధికార సంస్థకూ పంపుతాం.