గుమ్మం దగ్గర అంగుళం అక్షరాలు

2019 ఆగస్టు 8న అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 20 ఏళ్ల కుర్రాడొకడు వాల్‌మార్ట్‌లోకి వచ్చాడు. ఒంటి మీద బులెట్‌ప్రూఫ్ జాకెట్. వెంట రైఫిల్, పిస్తోలు, వందకు పైగా తూటాలు. ట్రాలీ తోసుకుంటూ ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. టెక్సస్‌లోని ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో కాల్పులు జరిగి అప్పటికి ఐదు రోజులే. అక్కడ పోయిన ప్రాణాలు చివరికి 23కి చేరాయి. మేనేజరు ఫైర్ అలారం మోగించారు. జనం ఎక్కడి సరుకులు అక్కడే వదిలి బయటికి పరుగెత్తారు.

తుపాకీ పట్టే హక్కును ఈ దుకాణం మన్నిస్తుందో లేదో చూద్దామనే వచ్చానని అతను తర్వాత పోలీసులకు చెప్పాడు.

తుపాకీ పైకి కనిపించేలా తిరగడం మిస్సోరిలో నేరం కాదు. కానీ పాలడబ్బా కోసం పిల్లాడిని చంకనేసుకుని వచ్చిన తల్లికి అతని మనసులో ఏముందో ఎలా తెలియాలి? అతను కాల్చాక తెలియాలి, లేదా బిల్లు కట్టి వెళ్లిపోయాక తెలియాలి. ఆ మధ్యలో ఆమె పడే భయం ఏ చట్టం లెక్కలోకీ రాదు. ఆ రోజు అతన్ని ఆపింది కూడా తుపాకీ ఉన్న మనిషేనని, డ్యూటీలో లేని ఒక ఫైర్‌మన్ అని సమర్థకులు గుర్తుచేస్తారు. నిజమే. అయితే ఆ క్షణంలో అక్కడికొచ్చిన కొత్తవాళ్లు ఇద్దరిలో ఎవరిని చూసి పారిపోవాలి?

పోలీసులకే ఆ తేడా తెలియని రోజులున్నాయి. 2014 ఆగస్టు 5న ఒహాయోలోని బీవర్‌క్రీక్ వాల్‌మార్ట్‌లో 22 ఏళ్ల నల్లజాతి యువకుడు అక్కడ అమ్మకానికి ఉంచిన గాలితుపాకీని చేతిలోకి తీసుకుని, ఫోన్ మాట్లాడుతూ తిరిగాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లు వస్తూనే కాల్చి చంపారు. ఆ గందరగోళంలో పరుగెత్తిన ఒక మహిళ గుండె ఆగి చనిపోయింది. అసలు తుపాకీని బాహాటంగా పట్టుకు తిరిగినా తప్పులేని రాష్ట్రం ఒహాయో! ఆ హక్కు అందరి చేతుల్లోనూ ఒకేలా పనిచేయదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎల్‌పాసో తర్వాత నెలకు, తుపాకులు బయటికి కనిపించేలా మా దుకాణాలకు రావద్దని వాల్‌మార్ట్ కోరింది. స్టార్‌బక్స్ 2013లోనే, టార్గెట్ 2014లో ఇలాగే కోరాయి. అన్నీ విన్నపాలే. విననివాడి దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది ఎవరు? కౌంటర్‌లో గంటల లెక్కన జీతం తీసుకునే ఉద్యోగి. పెట్రోలు బంకుల్లో, కిరాణాల్లో ఆ కౌంటర్ల వెనక మన తెలుగు పిల్లలూ ఉంటారు. 2023 మేలో డల్లాస్ దగ్గరి ఆలెన్ మాల్ కాల్పుల్లో బలైన ఎనిమిది మందిలో మన హైదరాబాద్ ఇంజనీరమ్మాయి ఒకరు.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటిన చాలామందికి పిస్తోలు పెట్టుకు తిరగడానికి లైసెన్సు అక్కర్లేదు. అయినా తన దుకాణంలోకి తేవద్దనే అధికారం యజమానికి ఉంది. లైసెన్సున్నవాళ్లు కూడా తుపాకీ బయటికి కనిపించేలా లోపలికి రాకూడదంటే ఆ రాష్ట్ర చట్టంలోని 30.07 సెక్షన్ చెప్పే బోర్డు పెట్టాలి. ఇంగ్లిషులో, స్పానిష్‌లో, అంగుళానికి తగ్గని అక్షరాలతో, గుమ్మం దగ్గర కళ్లకు కొట్టొచ్చేలా ఉండాలి. గిరాకీ తగ్గుతుందని జంకకుండా ప్రతి యజమానీ ఆ బోర్డు పెట్టాలి. అప్పుడు ఆ మాట కౌంటర్ వెనకున్న పిల్లాడు చెప్పనక్కర్లేదు, తలుపే చెబుతుంది.